జెల్లీఫిష్ కుడితే ముందు ఉప్పునీళ్లే

కళింగపట్నం బీచ్‌కి పిక్నిక్‌కొచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదే: ఒడ్డున చచ్చి పడున్న జెల్లీఫిష్‌నైనా ముట్టుకోకండి, దాని తీగలు అప్పుడూ కుడతాయి. వంశధార మొగ దగ్గర అసలు ఈతకు దిగొద్దు, లాగుడు ఎక్కువ.

కుడితే వెంటనే ఒడ్డుకొచ్చేయండి. రుద్దొద్దు, ఇసుక పుయ్యొద్దు. మంచినీళ్లు పోస్తే చర్మానికి అంటుకున్న సన్నటి విషపు తిత్తులు ఇంకా పగులుతాయి; సముద్రపు నీళ్లతోనే కడగాలి. తీగల్ని ట్వీజర్‌తో తియ్యండి. తర్వాత టీకొట్లో వేడినీళ్లడిగి, ముందు మీ చెయ్యి పెట్టి చూసి, ఓర్చుకునే వేడిలో (45 డిగ్రీలు దాటకుండా) 20 నిమిషాలు ముంచితే మంట తగ్గుతుంది. మూత్రం పొయ్యమనే పెద్దమనిషి ఒకాయన ఎప్పుడూ తయారుగా ఉంటాడు, వినకండి. ఆయాసం, ముఖం వాపు, గుండెదడ కనిపిస్తే మాత్రం ఇవేవీ చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్యండి.