కొలనోస్కోపీకి ఇంట్లోవాళ్లను ఇలా సిద్ధం చేయండి

కొలనోస్కోపీ అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో పెద్దపేగు లోపల చూసే టెస్ట్. మా మావయ్యకు మొదటిసారి అది మధ్యలోనే ఆపేశారు. పల్చగానే ఉంది కదా అని ముందురోజు చోడి (రాగి) అంబలి తాగేశారు, పేగు గోడలకు అంతా అంటుకుపోయి లోపల ఏమీ కనబడలేదట. మళ్లీ మొదట్నుంచీ అంతా చేయాల్సి వచ్చింది, ఆ వయసులో.

అందుకే చెప్తున్నా. రెండు మూడు రోజుల ముందే ఆకుకూరలు, గింజలుండే జామ, టమాటా, పప్పులు, జీడిపప్పు మానేసి తెల్లన్నం, ఇడ్లీ, మజ్జిగతో సరిపెట్టండి. ముందురోజు మాత్రం అవతలి వైపు కనిపించేంత తేటగా ఉన్నవే ఇవ్వాలి: వడగట్టిన కొబ్బరినీళ్లు, పాలు లేని టీ, పంచదార నీళ్లు. ఎర్రటి డ్రింకులు వద్దు, లోపల రక్తంలా కనిపిస్తాయి.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు వాళ్లు, ఇంకెవరైనా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పి తీరాలి. కొన్ని విరేచనం మందులు, కొబ్బరినీళ్లు కూడా వాళ్లకు పడవు. షుగర్, రక్తం పల్చబడే మందులు, ఐరన్ బిళ్లలు వాడుతుంటే ఏది ఎప్పుడు ఆపాలో అడగండి, సొంతంగా ఆపేయకండి.

పేగు శుభ్రం కావడానికి ఇచ్చే విరేచనం పొడి కలిపిన నీళ్లు సాధారణంగా రెండు లీటర్లు ఉంటాయి. చల్లగా చేసి, పావుగంటకో గ్లాసు చొప్పున తాగించండి, వికారం వస్తే కాసేపు ఆగండి. సగం రాత్రి, సగం తెల్లవారుజామున తాగమంటే నిద్ర చెడినా సరే అలాగే చేయాలి. చివరికి విరేచనం గడ్డీగాదం లేకుండా లేతపసుపు నీళ్లలా రావాలి, మడ్డిగా ఉంటే నర్సుకి చెప్పేయండి.

రాజాం నుంచి విజయనగరం వెళ్లాలంటే ముందురోజే ఊళ్లో దిగిపోండి, పొద్దున్న బస్సులో ఆ అవస్థ పడలేరు. మత్తు ఇస్తారు కాబట్టి తోడు మనిషి ఉండాలి, ఆరోజు బండి నడపకూడదు.