పాలు, హాలు, మిల్క్: ఒకే ఇంట్లో మూడు భాషలు

మేం ఉండేది బెంగళూరులో. ఇంట్లో తెలుగు, కింద పిల్లలతో ఆటల్లో కన్నడ, బడిలో ఇంగ్లీషు. మూడేళ్లప్పుడు మావాడు ఒకరోజు "అమ్మా, హాలు బేకు, రెడ్ కప్పులో పొయ్యి" అన్నాడు ("హాలు బేకు" అంటే కన్నడలో పాలు కావాలని). ఫోన్లో అది విన్న మా అత్తగారికి ఒకటే టెన్షన్, వీడికి ఏ భాషా సరిగ్గా రాకుండా పోతుందేమోనని. అలా ఏం కాదు. ఆ క్షణాన ఏ మాట ముందు తడితే అది వాడేస్తారు, అంతే. మనం మాత్రం "బస్సు మిస్సయింది" అనమా?

మాటలు ఆలస్యమైతే నేరం భాషల మీదికి నెట్టకండి. ఎన్ని మాటలొచ్చాయో చూసేటప్పుడు అన్ని భాషలవీ కలిపి లెక్కపెట్టండి. రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి సొంతంగా అనకపోయినా, పిలిస్తే పలకకపోయినా, "మూడు భాషలు కదా, అదే వస్తుందిలే" అని ఊరుకోకుండా వినికిడి పరీక్ష చేయించి స్పీచ్ థెరపిస్టుకి చూపించండి. మా వైపు వాళ్లయితే మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థకి వెళ్తారు.

ఇక ఇంట్లో తెలుగు మాత్రం ఆపొద్దు. "ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి" అని బడిలో మాకూ చెప్పారు, తల ఊపి వచ్చేశాం. ఇంగ్లీషు ఎలాగూ వచ్చేస్తుంది, వెనకబడేది ఇంటి భాషే.

తప్పు మాట్లాడితే ఆపి పాఠం చెప్పకండి. కన్నడలో మనం, మేము రెంటికీ "నావు" ఒక్కటే, అందుకే మావాడు "మేము పార్కుకి వెళ్దాం" అనేవాడు. "మనం వెళ్దామా? పద, చెప్పులేసుకో" అనేదాన్ని. వందసార్లు విన్నాక దానంతటదే సర్దుకుంది.

ఇంగ్లీషులో జవాబిస్తే "తెలుగులో చెప్పు" అని నిలదీయకండి. నేనొకసారి నిలదీస్తే ఆ సాయంత్రమంతా నోరు విప్పలేదు. దానికన్నా, తెలుగు తప్ప ఇంకోటి రాని మనిషితో వాడికి పని పెట్టండి. మా అమ్మకి ఇంగ్లీషు రాదు. ఊరికే ఫోనిచ్చి "అమ్మమ్మతో మాట్లాడు" అంటే హాయ్, బైతో అయిపోతుంది, కాబట్టి "చారు పోపులో ఏమేం వేయాలో అడిగి చెప్పు" అంటాను. పోపుల డబ్బా ముందేసుకుని వీడియో కాల్‌లో "ఇవా?" అని చూపిస్తాడు. "అవి మెంతులురా, ఆవాలు నల్లగా గుండ్రంగా ఉంటాయి చూడు" అంటుంది ఆవిడ. పది నిమిషాలు ఇద్దరికీ అదే లోకం, ఈలోపు నా నూనె మాడుతూ ఉంటుంది.

కన్నడని పోటీ అనుకోకండి, తెలుగుకి చుట్టమే. మేం దాంతో ఒక ఆట ఆడతాం: నేను పాలు అంటే వాడు హాలు, పులి అంటే హులి, పాము అంటే హావు, పండు అంటే హణ్ణు. మన "ప" అక్కడ చాలాచోట్ల "హ" అవుతుందని నేను చెప్పకుండానే వాడికి తట్టింది. "అయితే పప్పు హప్పా?" అన్నాడు. కాదు నాన్నా, బేళె అన్నాను. నమ్మలేదు, వెళ్లి పక్కింటి అజ్జిని అడిగొచ్చాడు.