సైన్స్ ఫెయిర్‌కి అగ్నిపర్వతం చేస్తున్నారా, ఈసారి వెనిగర్ వద్దు గోలీ సోడా తెచ్చుకోండి

పోయినేడు మా అమ్మాయి స్కూల్లో మేమూ అందరూ చేసేదే చేశాం, మట్టి కొండ, మధ్యలో సీసా, అందులో వంటసోడా, ఎర్ర రంగు, పైనుంచి వెనిగర్ పోస్తే బుస్సుమని పొంగింది, పిల్లలు చప్పట్లు. చూడ్డానికొచ్చిన ఒక సార్ మాత్రం "అయితే భూమి లోపల వెనిగర్ ఉంటుందామ్మా" అని అడిగారు, పిల్ల నా మొహం చూసింది, నేను ఫ్యాన్ వైపు చూశాను. అందుకే ఈసారి పద్ధతి మార్చాం.

కొండ కట్టడం పాత పేపర్లు, మైదా జిగురుతో ఒక పూట పని, దాని మీద ఎక్కువ టైం పెట్టకండి.

ముందు మైనం. వేడి తట్టుకునే గాజు బీకర్ తీస్కుని అడుగున ఎర్ర రంగు కలిపిన కొవ్వొత్తి మైనం కరిగించి ఒక సెంటీమీటర్ మందాన పోసి గట్టిపడనివ్వండి, దాని మీద కడిగిన ఇసుక ఇంకో సెంటీమీటర్, ఆపైన చల్లటి నీళ్లు మెల్లిగా పోయండి. జాలీ మీద పెట్టి సన్నటి మంట ఇస్తే కాసేపు ఏమీ జరగదు, ఓపిక పట్టండి, ఉన్నట్టుండి ఇసుకని చీల్చుకుని ఎర్ర మైనం పైకి లేస్తుంది, కొంత దార్లోనే చల్లబడి గడ్డకట్టేస్తుంది కూడా. చుట్టూ ఉన్న రాయి కంటే తేలిక కాబట్టి మాగ్మా, అంటే భూమి లోపల కరిగిన రాయి (బయటికొస్తే దాన్నే లావా అంటాం), కూడా ఇలాగే సందు చూస్కుని పైకొస్తుంది. ఇది పెద్దవాళ్లు పక్కనుండి చేయాల్సిన పని, స్కూల్లో మంట వద్దంటారు, ఇంట్లోనే వీడియో తీసి చూపించండి.

ఇక్కడ ఒక డౌట్ ఖాయంగా వస్తుంది, లోపల అంతా లావా సముద్రమే కదా అని. కాదు, మాంటిల్, అంటే భూమి పైపెంకు కింద ఉండే మందమైన పొర, చాలావరకు గట్టి రాయే. అంత వేడిలోనూ కరక్కుండా ఉండడానికి కారణం పైనున్న ఒత్తిడి. ఐస్‌లాండ్‌లో ప్లేట్లు (భూమి పైభాగం విడిపోయి ఉన్న పెద్ద పెద్ద రాతి పలకలు) విడిపోతుంటే కింద రాయి పైకొచ్చి ఒత్తిడి తగ్గి కరుగుతుంది. మన అండమాన్ దగ్గర కథ వేరు, ఇండియా ప్లేట్ అక్కడ కిందికి దిగుతూ తనతోపాటు నీటిని మోస్కెళ్తుంది, ఆ నీళ్లు పైనున్న వేడి రాయిలోకి చేరితే అది తక్కువ వేడికే కరుగుతుంది, ఐసు మీద ఉప్పు చల్లినట్టు. అక్కడి బారెన్ ఐలాండ్ అగ్నిపర్వతం అలా పుట్టిందే, చాలా కాలం నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది.

కరిగి పైకొచ్చిన మాగ్మా పేలాలంటే గ్యాస్ కావాలి, దానికే గోలీ సోడా. కొట్టకముందు సీసా చూపించండి, ఒక్క బుడగ కనిపించదు, గోలీ నొక్కగానే ఎక్కణ్ణుంచి వచ్చాయో అన్ని బుడగలు. గ్యాస్ ముందునుంచీ అందులో కరిగే ఉంది, ఒత్తిడి పోయింది కాబట్టి బయటపడింది. మాగ్మాలో ఎక్కువగా ఉండేది నీటి ఆవిరి. అమెరికాలో మౌంట్ సెయింట్ హెలెన్స్‌కి 1980లో జరిగింది అచ్చం ఇదే, లోపల మాగ్మా తోసి తోసి కొండ ఉత్తరం వైపు రోజుకి మీటరున్నర పైనే ఉబ్బింది, మే 18 పొద్దున భూకంపం వచ్చి ఆ పక్కంతా జారిపోయింది, అంటే గోలీ నొక్కినట్టే, పక్కనుంచి పేలింది, 57 మంది పోయారు.

మరి హవాయిలో లావా పారుతుంటే జనం నిలబడి ఫోటోలు ఎలా తీస్కుంటారు? పాకంలో తేడా. బెల్లం తీగ పాకం పట్టి పూర్తిగా చల్లార్చి (వేడిది పిల్లల దగ్గర పెట్టకండి) ఒక గ్లాసులో పోసి, ఇంకో దాంట్లో నీళ్లు పోసి, స్ట్రాతో రెండిట్లో ఊదించండి. నీళ్లలో బుడగ చల్లగా జారుకుంటుంది, పాకంలో ఉబ్బి ఉబ్బి టప్‌మని చిందుతుంది, కింద పేపర్ వేస్కోండి, మేం వేయలేదు, చీమలు. హవాయి లావాలో సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) దాదాపు 50 శాతం, పల్చన, గ్యాస్ తేలిగ్గా పోతుంది. సిలికా పెరిగేకొద్దీ చిక్కబడుతుంది, గ్యాస్ ఇరుక్కుంటుంది. ఫిలిప్పీన్స్‌లో పినటుబో 1991 జూన్‌లో అలా పేలితే బూడిద 30 కిలోమీటర్లు దాటి పైకెళ్లింది, ప్రపంచమంతా దాదాపు అర డిగ్రీ చల్లబడింది.

చివర్లో టేబుల్ మీద రెండు రాళ్లు పెట్టండి. ఒకటి రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి వైపు దొరికే నల్లరాయి, 6.5 కోట్ల ఏళ్ల కిందటి దక్కన్ లావా, చిన్న చిన్న చిల్లులున్న ముక్క దొరికితే అదృష్టం, అవి సోడా బుడగల్లాంటివే, తప్పించుకునేలోపు రాయి గట్టిపడిపోయింది. రెండోది హైదరాబాద్ గ్రానైట్, అది బయటికే రాని మాగ్మా, లోపలే నిదానంగా చల్లారింది కాబట్టి పలుకులు పెద్దగా కంటికి కనిపిస్తాయి. ఈసారి ఆ సార్ వస్తే మా అమ్మాయే ముందు అడుగుతుందట, "సార్, వీటిలో ఏది బయటికొచ్చింది చెప్పండి" అని.