ఉయ్యాల గొలుసుల తుప్పు వదిలించి, మళ్లీ పట్టకుండా కాపాడడం ఎలా?

వసారాలో వేలాడే ఉయ్యాల బల్లకు ఇనుప గొలుసులుంటే, ముఖ్యంగా విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర ఊళ్లలో, అవి త్వరగా తుప్పు పడతాయి. చాలామంది గరుకు కాగితంతో పైపైన రుద్ది, వెండి రంగు పెయింటు వేసి, పని అయిపోయిందనుకుంటారు. గొలుసును సన్నగిల్లజేసే తుప్పు మాత్రం లంకెకూ లంకెకూ ఒరిపిడి కలిగే లోపలి వంపులో ఉంటుంది. అక్కడ పెయింటు రెండు ఊగులకే రాలిపోతుంది, మిగిలిన పొర కింద తేమ చేరి ఇనుమును నిశ్శబ్దంగా తింటుంది.

గొలుసును దించి నేల మీద పరిచి, ఒక్కొక్క లంకెను పక్కకు జరిపి ఆ వంపును చూడండి. గోధుమరంగు పొడి రాలడం మామూలే. కానీ అక్కడ లంకె మందం పదో వంతుకు మించి అరిగి ఉంటే శుభ్రం చేయడం వృథా, కొత్త గొలుసు కొనాలి. మెరిసే జింకు పూత ఉన్న గొలుసులకు కింద చెప్పే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) పద్ధతి పనికిరాదు, దాని పులుపు ఆ పూతను కరిగించేస్తుంది. బరువులెత్తే గట్టి ఉక్కు గొలుసులను ఏ యాసిడ్‌లోనూ ముంచకూడదు. పైకి బాగానే కనిపిస్తూ, లోపల పెళుసుబారి తెగిపోయే ప్రమాదం ఉంది.

జిడ్డును సబ్బుపొడి కలిపిన వేడినీళ్లతో వదిలించండి. తర్వాత గొలుసును రెండు దోసిళ్ల ముతక ఇసుకతో కలిపి గోనెసంచిలో వేసి, మూతి కట్టి, ఇద్దరు చెరో కొస పట్టుకుని కాసేపు ఊపితే పొరలు కట్టిన తుప్పు చాలావరకు రాలిపోతుంది. ఇనుప తీగల బ్రష్షు ఎంత రుద్దినా చేరని చోటికి ఇసుక చేరుతుంది.

ఇప్పుడు ప్లాస్టిక్ తొట్టిలో లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కరిగించి, గొలుసు పూర్తిగా మునిగేలా రాత్రంతా నానబెట్టండి. బుడగలు వస్తాయి కనుక మూత బిగించకుండా ఆరుబయట ఉంచాలి. మరుగుదొడ్లకు వాడే యాసిడ్ వాడమని సలహా ఇచ్చేవారి మాట వినకండి. అది తుప్పుతోపాటు మంచి ఇనుమునూ తింటుంది, దాని ఆవిరికి పక్కనున్న పనిముట్లు కూడా తుప్పు పడతాయి. చింతపండు రసమూ పనిచేస్తుంది, కాకపోతే చాలా నెమ్మది.

గొలుసును తొట్టిలోంచి బయటికి తీసిన తర్వాతి గంటలోనే ఈ పని నిలబడడమో చెడడమో తేలిపోతుంది. అప్పుడు ఇనుము ఏ రక్షణా లేకుండా బూడిదరంగులో ఉంటుంది. తడిగా గాలికి వదిలితే చూస్తుండగానే నారింజరంగు తేలుతుంది. అందుకే వంటసోడా నీళ్లు, మరిగిన నీళ్లు, పొడిగుడ్డలు, చేతి తొడుగులు, పూత, అన్నీ దగ్గర పెట్టుకున్నాకే గొలుసును తీయాలి. మధ్యలో మరో పనికి లేవకూడదు. వానాకాలంలో, ముసురు పట్టిన రోజున ఈ పని మొదలుపెట్టనే వద్దు.

ముందు మంచినీటిలో బ్రష్షుతో నల్లటి మడ్డి పోయేలా కడగండి. తర్వాత లీటరుకు ఒక పెద్ద చెంచా వంటసోడా కలిపిన నీటిలో పది నిమిషాలు ఉంచి, ప్రతి లంకెనూ కదిలించండి. పులుపు మిగిలిన చోట నురగ వస్తుంది, అది ఆగేదాకా కదిలిస్తూనే ఉండాలి. సముద్రపు ఉప్పు ఇనుము గుంటల్లో దాగి ఉంటుంది కనుక తీరప్రాంతం వారు ఈ నీటిని రెండు మూడుసార్లు మార్చాలి. ఆ ఉప్పు మిగిలితే పైన ఏ పూత వేసినా తుప్పు తిరిగొస్తుంది. చివరగా మరిగిన నీళ్లు పోస్తే ఇనుమే వేడెక్కి, తడి త్వరగా ఎగిరిపోతుంది.

ఆరబెట్టేటప్పుడు గొలుసును వేలాడదీయడం చాలామంది చేసే పొరపాటు. బరువుకు లంకెలు బిగుసుకుని, మధ్యలో నీటిచుక్క చిక్కుకుంటుంది. గొలుసును ఎండలో రేకు మీద పరిచి, లంకెలను తరచూ జరుపుతూ, జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో వంపుల్లోకి వేడిగాలి కొట్టండి. వంపులో దూర్చి తిప్పిన తెల్లగుడ్డ పేలికకు తడి తగలకపోతేనే ఆరినట్టు. నారింజరంగు కనిపిస్తే దాని మీదే పూత పూయవద్దు. మళ్లీ పది నిమిషాలు నిమ్మ ఉప్పు నీటిలో ఉంచి, కడగడం మొదటినుంచి చేయండి.

పూతకు ఒక వంతు తేనెమైనం, మూడు వంతుల ఆముదం కలిపి, వేడినీటి గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించాలి. గొలుసు ఇంకా వేడిగా ఉండగానే గుడ్డతో దట్టంగా పట్టించి, వంపుల్లోకి దింపి, చల్లారాక మిగులు తుడిచేయండి. గ్రీజు చేతులకూ చీరలకూ అంటుతుంది కనుక అది పై కొక్కేల వద్దే ఉండాలి. వాడేసిన ఇంజన్ ఆయిల్ పిల్లలు పట్టుకునే గొలుసుకు అసలే తగదు, అది చర్మానికి హానికరం.

ఏటా మృగశిర కార్తె రాకముందే గొలుసును ఒకసారి తుడిచి, ఇదే పూత మరోమారు వేయండి. తిరిగి బిగించిన రోజున మాత్రం, మనుషులు కూర్చునే ముందు బల్ల మీద బియ్యం బస్తాలు పెట్టి ఊపి, కొక్కేలనూ ప్రతి లంకెనూ మరొకసారి చూసుకోవాలి.