చేతికుట్టు పుస్తకం, 3వ పాఠం: జాకెట్టు ముక్కతో అట్ట

కిందటి పాఠం అయ్యేసరికి మీ దగ్గర ఎనిమిది మడతలు కలిపి కుట్టిన కాగితాల కట్ట తయారై ఉండాలి. వెడల్పు 148 మిల్లీమీటర్లు, ఎత్తు 210, వెన్ను దగ్గర మందం 8. మందం మీకు 7 వచ్చినా 9 వచ్చినా కంగారు లేదు, అది దారాన్ని బట్టి మారుతుంది. ఆ అంకె మాత్రం ఎక్కడైనా రాసి పెట్టుకోండి, ఈ పాఠంలో కావాలి.

ఈసారి పని అట్ట. దాని మీదికి గుడ్డ కోసం బజారుకు పోనక్కర్లేదు. పేరంటాల్లో, వ్రతాల్లో తాంబూలంతో పాటు చేతిలో పెట్టిన జాకెట్టు ముక్కలు మన ఇళ్లలో బీరువా అడుగున ఓ దొంతర ఎప్పుడూ ఉంటాయి. కుట్టించుకోరు, పారెయ్యబుద్ధి కాదు, ఇంకో పేరంటానికి ఇంకొకరి చేతిలో పెడతారు. 80 సెంటీమీటర్ల ముక్కలో మన సైజు పుస్తకాలకు నాలుగు అట్టలు తేలిగ్గా వస్తాయి.

అన్ని ముక్కలూ పనికిరావు. ముందు అంచులోంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని సింకు మీద అగ్గిపుల్లతో కాల్చి చూడండి. కాగితంలా కాలి మెత్తటి బూడిద రాలితే నూలు. కరిగి చివర గట్టి పూస కడితే పాలిస్టరు. దానికి మైదా జిగురు పట్టదు, నెలకే పొరలా లేచిపోతుంది. తాంబూలం ముక్కల్లో సగానికి సగం ఇలాంటివే తేలితే ఆశ్చర్యపోకండి. తర్వాత నేత చూడండి. ముక్కను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతలి వస్తువులు కనిపించేంత పల్చన ఉంటే మొదటి ప్రయత్నానికి వద్దు. మంగళగిరి నూలు లాంటి దగ్గర నేత దీనికి కుదురుతుంది. పెడన అచ్చు కలంకారీ ముక్క దొరికితే అదృష్టమే: కరక్కాయ, పటికలతో పట్టించిన రంగు ఉడకబెట్టి, ఉతికి వచ్చిందే కాబట్టి జిగురు తడికి సాధారణంగా బెదరదు. అయితే కలంకారీ పేరుతో అమ్మేదంతా అది కాదు. అందుకే ఏ ముక్కనైనా ఒక మూల తడిపి తెల్ల గుడ్డతో గట్టిగా రుద్దండి. రంగు అంటితే పక్కన పెట్టెయ్యండి.

ఎంచుకున్న ముక్కను ఒకసారి ఉతకాలి. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, అది ఉన్నంతసేపూ మన జిగురు లోపలికి పోదు. పైగా ఇప్పుడు కుంచించుకోని గుడ్డ అట్ట మీద కుంచించుకుంటుంది. ఆరాక ఇస్త్రీ చేసి 27 × 37 సెంటీమీటర్ల ముక్క కత్తిరించండి. పడుగు పోగులు, అంటే నేత అంచుతో సమానంగా నడిచేవి, 27 వైపు ఉండాలి. పుస్తకం వెన్ను నిలువుగా ఉంటుంది కదా, పడుగు దానితో పాటే నిలవాలి.

గుడ్డను నేరుగా అట్టకు అంటించేస్తే ఏమవుతుందన్నది చాలామందికి వచ్చే సందేహం. జిగురు పోగుల సందుల్లోంచి పైకి ఉబికి, ఆరాక తెల్లటి మచ్చలు కడుతుంది. బైండింగు షాపుల్లో వాడే కాలికో గుడ్డకు ఆ సందులు ముందే పూడ్చి ఉంటాయి. ఇంటి గుడ్డకు ఆ పని మనం చేసుకోవాలి, వెనక పల్చటి కాగితం అతికించి. ఈ పాఠంలో అసలు విద్య ఇదే. మిగతాదంతా కొలతలు, ఓపిక.

ముందు జిగురు. 30 గ్రాముల మైదా, అంటే సుమారు నాలుగు చెంచాలు (టేబుల్‌స్పూన్లు), 180 మిల్లీలీటర్ల నీళ్లు. మైదాను మూడో వంతు చన్నీళ్లలో ఉండల్లేకుండా కలపండి. మిగతా నీళ్లు మరిగాక సన్నటి సెగ మీద ఉంచి, కలిపిన పిండిని సన్న ధారగా పోస్తూ కలియబెడుతూ ఉండాలి. ఆరేడు నిమిషాల్లో సున్నపు తెలుపు పోయి, సగ్గుబియ్యం ఉడికినప్పటి మసక మెరుపు వస్తుంది. అప్పుడు దించండి. తెల్లగా ఉండగానే దించితే పచ్చిపిండి మిగిలి, ఆరాక పొడిపొడిగా రాలుతుంది. చల్లారేదాకా మధ్య మధ్య కలుపుతుంటే మీగడ కట్టదు. ఆపైన టీ వడకట్టుతో ఒత్తి వడగట్టండి. ఒక్క ఉండ మిగిలినా గుడ్డ కింద కందిగింజలా తేలుతుంది.

పాత బైండర్లు పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) వేస్తారు. అది విషం, వంటగిన్నెల దగ్గరికి రానివ్వకూడదు. అల్యూమినియం గిన్నెను తినేస్తుంది. రాగి చేరిన కాగితం ఏళ్ల మీద పెళుసెక్కుతుంది కూడా. ఇంట్లో చేసుకునే ఒకటి రెండు పుస్తకాలకు రెండు చుక్కల లవంగ నూనె చాలు. ఈ జిగురు ఫ్రిజ్జులో మూడు రోజులు నిలుస్తుంది. పుల్లటి వాసన వస్తే పారబోసి కొత్తది కాచుకోండి, అందులో పోయేది నాలుగు చెంచాల మైదాయే.

ఇందులో సగం తీసి, నీళ్లతో చిక్కటి మజ్జిగలా పల్చన చేయండి. గుడ్డకు కాగితం వేయడానికి ఇది. మిగతా సగం అట్టల కోసం అలాగే ఉంచండి.

కాగితం 60 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 60 గ్రాముల బరువు) మ్యాప్‌లిథో, అంటే అచ్చుకు వాడే మామూలు తెల్లకాగితం అయితే సరిపోతుంది. ఇది గుడ్డ కంటే నాలుగు వైపులా రెండేసి సెంటీమీటర్లు పెద్దది, అంటే 31 × 41 ఉండాలి. మొదటి పాఠంలో చెప్పిన కాగితం వాలు, అంటే దానిలోని నారలు నడిచే దిశ, ఇక్కడ కూడా వెన్నుతో పాటే నిలవాలి, 31 వైపు.

వంటగది గ్రానైటు గట్టు శుభ్రంగా తుడిచి, గుడ్డను బొమ్మ కిందికి వచ్చేలా పరవండి. స్ప్రే సీసాతో తడిపి, అరచేత్తో మధ్య నుంచి అంచులకు నిమరండి. పోగులు వంకర పోతే ఇప్పుడే సరిచేయాలి. గళ్ల గుడ్డ అయితే పక్కన స్కేలు పెట్టి చూసుకోండి, గడి వంకర పుస్తకం ఉన్నన్నాళ్లూ కంట్లో పడుతూనే ఉంటుంది.

జిగురు రాసేది కాగితానికి, గుడ్డకు కాదు. రెండంగుళాల బ్రష్షుతో నడుమ నుంచి నలుదిక్కులకూ పల్చగా రాసి, రెండు నిమిషాలు ఊరుకోండి. తడికి కాగితం సాగుతుంది, అలలు అలలుగా లేచి మళ్లీ పడుకుంటుంది. అది పడుకోకముందే గుడ్డ మీద వేస్తే మిగిలిన సాగుడు ముడతలై కూర్చుంటుంది, తర్వాత ఎంత రుద్దినా పోవు. కాగితం చదునైపోయాక ఇంకోసారి బ్రష్షు ఆడించి, ఒక అంచును పొడవాటి స్కేలు మీదికి ఎత్తి, జిగురు వైపు కిందికి తిప్పి, గుడ్డ మీద ఒక చివర నుంచి నెమ్మదిగా దించండి. వెనకాలే పొడి బ్రష్షుతో గాలి తోసేస్తూ రావాలి. బుడగ చిక్కితే ఆ చివర ఎత్తి మళ్లీ దించండి. గుచ్చి గాలి తీయొద్దు.

గుడ్డ చుట్టూ రెండేసి సెంటీమీటర్ల ఒట్టి కాగితం మిగిలింది కదా, దానికి జిగురు రాసి ఉంది. ఆరబెట్టడానికి అదే ఆధారం. రెండు పై మూలలు పట్టుకుని మొత్తాన్ని గట్టు మీంచి లేపి, నిలువుటద్దం మీదో, నున్నటి బీరువా తలుపు మీదో వేయండి. గుడ్డ తలుపు వైపు, కాగితం మన వైపు. అంచులను బ్రష్షుతో ఒత్తితే తలుపుకు పట్టుకుంటాయి. ఒక పక్క అంచు కింద వేలెడు కాగితం పట్టీ దూర్చి ఉంచండి, రేపు విప్పేటప్పుడు స్కేలు దూర్చడానికి సందు అదే. ఆరే కొద్దీ కాగితం బిగిసి గుడ్డను డప్పు తోలులా లాగి పడుతుంది. తలుపుకు అంటిన మైదా తడిగుడ్డతో తుడిస్తే పోతుంది కాబట్టి ఇంట్లోవాళ్లు గొడవ పడాల్సినంత విషయం కాదు.

ఫ్యాను కింద మామూలు రోజుల్లో ఎనిమిది గంటలు, వానాకాలంలో పూర్తిగా ఒక రోజు. ఎండలో పెట్టొద్దు, అంచులు ముందు ఆరి, నడుమ తడిగా ఉండగానే బిగుసుకుని చిరుగుతాయి. ముట్టుకుంటే చల్లగా తగిలితే ఇంకా ఆరలేదన్నమాట. ఆరాక పట్టీ ఉన్నచోట స్టీలు స్కేలు దూర్చి చుట్టూ నడపండి, ఒక్క ముక్కగా ఊడి వస్తుంది.

ఊడివచ్చిన దాన్ని వంచి చూడండి. గట్టిగా, పెళపెళమంటూ ఉంటే జిగురు చిక్కనైంది. పైవైపు మచ్చలు కడితే మరీ పల్చనైంది, లేదా గుడ్డ తడిసి కారేంత నీళ్లు కొట్టారు. గుడ్డ, కాగితం అక్కడక్కడా విడిపోతే గంజి పూర్తిగా పోలేదు. మూడింటిలో మచ్చలదే దిద్దలేని తప్పు. విడిపోయిన దాన్ని తడిపి, వలిచి, మళ్లీ అంటించుకోవచ్చు.

ఇక అట్టలు. 2 మిల్లీమీటర్ల కప్పా బోర్డు, అంటే బైండింగుకు వాడే గట్టి అట్ట, స్టేషనరీ షాపుల్లో దొరుకుతుంది. ఖరీదైన శుభలేఖలు వచ్చే గట్టి పెట్టెలు కూడా ఇదే జాతి బోర్డు. పల్చనైతే రెండు ముక్కలు ఫెవికాల్‌తో కలిపి బరువు కింద ఆరబెట్టుకోండి. ఎత్తు: కట్ట 210, పైన మూడు, కింద మూడు, మొత్తం 216. వెడల్పు 145. ఇలాంటివి రెండు. వెన్ను పట్టీ ఎత్తు అదే 216, వెడల్పు కట్ట మందానికి రెండు అట్టల మందం కలిపి: 8 + 2 + 2 = 12. మీ మందం 9 అయితే 13 కోయాలి. బోర్డును ఒక్కసారి బలంగా కోయబోతే బ్లేడు జారి అంచు ఏటవాలుగా వస్తుంది. స్టీలు స్కేలు ఆనించి, తేలిగ్గా ఎనిమిది పది సార్లు గీస్తే నిటారుగా తెగుతుంది.

గుడ్డను 252 × 352 మిల్లీమీటర్లకు చక్కగా కోసుకోండి. కాగితం వైపు నట్టనడుమ వెన్ను పట్టీ చోటు గీయండి. దానికి అటూ ఇటూ ఏడేసి మిల్లీమీటర్ల కాలువ వదిలి అట్టలు రావాలి. పుస్తకం తెరుచుకునేది ఆ కాలువ దగ్గరే. కొలవడానికి తంటాలు వద్దు, మామూలు ఆరు పలకల పెన్సిలు మందం దాదాపు అంతే. పట్టీ పక్కన పెన్సిలు పెట్టి, దానికి ఆనించి అట్ట దించండి. కాలువ మరీ ఇరుకైతే అట్ట తెరుచుకోదు, వెడల్పైతే అట్ట జారినట్టు ముందుకు వేలాడుతుంది.

దాచుకున్న చిక్కటి జిగురు రెండు పాళ్లు, ఫెవికాల్ ఒక పాలు కలిపి దోసెల పిండిలా చేయండి. ఒట్టి ఫెవికాల్ అయితే సర్దుకునే వ్యవధి ఇవ్వకుండా పట్టేస్తుంది. అట్టకు పల్చగా రాసి గుడ్డ మీద పెట్టి, మొత్తం తిప్పి, పైన తెల్లకాగితం వేసి స్టీలు చెంచా వీపుతో రుద్దండి. కాగితం లేకుండా రుద్దితే గుడ్డ మీద నిగనిగలాడే చారలు పడతాయి.

మూలల దగ్గరే చాలా పుస్తకాలు పాడవుతాయి. గుడ్డ మూలను 45 డిగ్రీల్లో కోయాలి, కానీ అట్ట మొన నుంచి 3 మిల్లీమీటర్లు వదిలి. అంటే అట్ట మందానికి ఒకటిన్నర రెట్లు. దగ్గరగా కోస్తే మొన బయటపడుతుంది, దూరంగా కోస్తే మూల లావెక్కుతుంది. ముందు పైఅంచు, కింది అంచు లోపలికి మడిచి అంటించండి. మూల దగ్గర మిగిలిన చిన్న చెవిని గోటితో అట్ట మందంలోకి నొక్కి, ఆ తర్వాతే పక్క అంచులు మడవండి. గోటితో నొక్కే ఈ రెండు క్షణాల పని మరిచిపోతే మూలలో కుక్కపిల్ల చెవిలాంటి ముక్క పొడుచుకు వస్తుంది.

చెంచా కొసతో కాలువలను గుడ్డ వైపు నుంచి నొక్కి గీత తీయండి. అట్టను చదునుగా పరిచి, కిందా పైనా తెల్లకాగితాలు వేసి (న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది), కాగితం చుట్టిన నాలుగు ఇటుకలు పెట్టండి. గంట తర్వాత తడి పీల్చిన కాగితాలు మార్చి, రాత్రంతా వదిలెయ్యండి.

పొద్దున తీసేసరికి అట్టలు గుడ్డ వైపు కొద్దిగా విల్లులా వంగి ఉంటాయి. గుడ్డ ఆరుతూ లాగింది, లోపలివైపు దానికి ఎదురు లాగేదేదీ ఇంకా లేదు. తడిపి సరిచేయబోకండి. నాలుగో పాఠంలో లోపల అతికించే కాగితం ఆరేటప్పుడు ఇటువైపు లాగుతుంది, అప్పుడు సమమవుతుంది. దాని కోసం 296 × 210 మిల్లీమీటర్ల కాగితాలు రెండు, 100 జీఎస్‌ఎం పైవి, వాలు 210 వైపు ఉండేలా కోసి పెట్టుకోండి. జిగురు మాత్రం అప్పటికి కొత్తగా కాచుకోవాలి.