కార్బ్యురేటర్ జోలికి వెళ్లే ముందు పొట్టు చూడండి

నల్లగొండ చెలకల్లో సర్కారు తుమ్మ కోసేటప్పుడు చిన్న చైన్‌సా (గొలుసు రంపం) మొరాయిస్తే చాలామంది ముందు కార్బ్యురేటర్ స్క్రూలే తిప్పుతారు. దయచేసి ముందు కోతలో రాలే పొట్టు చూడండి. రవ్వలుగా కాక పిండిలా రాలుతోందంటే గొలుసు మొద్దుబారినట్టే. ఇంజను ఆపి, చేతులకు తొడుగులు వేసుకుని పదును పెట్టండి. చిన్న రంపాలకు ఎక్కువగా వచ్చే సన్నరకం (3/8 అంగుళాల లో-ప్రొఫైల్) గొలుసుకు 4 మి.మీ. గుండ్రటి ఆకురాయి కావాలి. 30 డిగ్రీల ఏటవాలున లోపలి నుంచి బయటికే తోయాలి, ప్రతి పంటికీ అన్నేసి సార్లు.

అసలు కిటుకు పంటి ముందున్న చిన్న బొడిపెలో ఉంది. పన్ను అరిగేకొద్దీ అది ఎత్తుగా మిగిలి, అంచును కర్రలోకి దిగనివ్వదు. పంటి అంచుకన్నా 0.65 మి.మీ. దిగువన ఉండేలా చదును ఆకురాయితో అరగదీయండి. అంతకు మించి మాత్రం వద్దు, రంపం ఎగిరి మనిషి మీదికే వస్తుంది.