ఇంట్లోనే అసలైన వెనీలా ఎక్స్‌ట్రాక్ట్: తూకం దగ్గరే ఉంది కిటుకు

కొట్లో చిన్న సీసాల్లో దొరికే వెనీలా ఎసెన్స్‌లో చాలామటుకు వెనీలా కాయ ఉండదు. కృత్రిమంగా తయారుచేసిన వెనిలిన్ ఉంటుంది. లేబుల్ తిప్పి చూస్తే ఆ సంగతి చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. అసలు కాయలో వెనిలిన్‌తో పాటు ఇంకా ఎన్నో సువాసన పదార్థాలు ఉంటాయి. వాటిని ఆల్కహాల్‌లోకి దింపితే అదే ఎక్స్‌ట్రాక్ట్. చేతి పని పావుగంటే, ఆ తర్వాత మాత్రం కనీసం ఆరు నెలలు ఆగాలి.

ముందు తూకం సంగతి. "సీసాకి మూడు కాయలు" అన్న కొలత నమ్మకండి. ఒక కాయ 2 గ్రాములే తూగొచ్చు, పక్కదే 5 గ్రాములు ఉండొచ్చు. ఇంట్లో చేసింది పల్చగా, సారం లేకుండా తయారవడానికి మొదటి కారణం ఇదే. అమెరికాలో ఎక్స్‌ట్రాక్ట్ అన్న పేరుతో అమ్మాలంటే గ్యాలన్‌కు 13.35 ఔన్సుల కాయలు వాడాలి, ఆల్కహాల్ 35 శాతానికి తగ్గకూడదు. మన లెక్కలో అది లీటరుకు సుమారు 100 గ్రాములు, అంటే 100 మి.లీ.కి 10 గ్రాములు. 180 మి.లీ. క్వార్టర్ సీసాకి 18 గ్రాములు, 750 మి.లీ. ఫుల్ బాటిల్‌కి 75 గ్రాములు కావాలి. వంటింటి డిజిటల్ త్రాసు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

కాయలు ఎ గ్రేడ్, బి గ్రేడ్ అని దొరుకుతాయి. ఎ గ్రేడ్ కాయ నూనె రాసినట్టు మెరుస్తూ, వేలికి చుట్టినా విరగదు. చూడముచ్చటగా ఉంటుంది గానీ దాని బరువులో నీరు ఎక్కువ. ఎక్స్‌ట్రాక్ట్‌కి కాస్త ఎండి, గోధుమ రంగులో ఉండే బి గ్రేడే మేలు. ధర తక్కువ, అదే తూకానికి సారం ఎక్కువ. మన దేశంలో కేరళ, కర్ణాటకల్లో పండిన కాయలు బాగుంటాయి. కాయ మీద సూదుల్లాంటి తెల్లటి మెరుపు కనిపిస్తే కంగారు పడకండి, అవి వెనిలిన్ స్ఫటికాలు. దూదిలా నూగుగా, మెరుపు లేకుండా ఉంటే మాత్రం బూజు. ఆ కాయను పారేయాల్సిందే.

ఆల్కహాల్‌కి ఏ ఫ్లేవరూ కలపని మామూలు వోడ్కా చాలు. మన దగ్గర సీసా మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది, అది సరిగ్గా సరిపోతుంది. ఖరీదైన బ్రాండు అక్కర్లేదు. డార్క్ రమ్ములో చేస్తే చాక్లెట్ కేకులకి బాగా నప్పుతుంది. ఘాటు పెరిగితే సారం ఎక్కువ దిగుతుందనుకోవడం పొరపాటు. కొన్ని రుచులు నీటి భాగంలోకే దిగుతాయి, 95 శాతం స్పిరిట్‌లో ఆ నీరు చాలా తక్కువ. సర్జికల్ స్పిరిట్, శానిటైజర్ లాంటివి విషం. వాటిని దీనికి ఎప్పుడూ వాడకండి.

ఇక పని. గాజు సీసాను కడిగి, తడి లేకుండా పూర్తిగా ఆరనివ్వండి. కాయను పలక మీద పరిచి, చాకు మొనతో నిలువుగా చీల్చండి. లోపల గసగసాల కన్నా సన్నటి నల్లటి గింజలు, జిగురు ముద్దలా చాకుకి అంటుకుంటాయి. ఆ ముద్దనీ సీసాలోకే గీకేయండి. కాయ తొక్కలోనూ సారం ఉంటుంది కాబట్టి దాన్ని రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలుగా కత్తిరించి వేయండి. వోడ్కా కొలిచి పోయండి. ముక్కలన్నీ మునిగి తీరాలి. పైకి తేలి గాలి తగిలే ముక్కలే ముందు పాడవుతాయి. మూత బిగించి, చేసిన తేదీ, కాయల బరువు రాసి అంటించండి. చీకటి అలమరలో, పిల్లలకు అందని చోట పెట్టండి. ఫ్రిజ్ వద్దు, చల్లదనంలో సారం నెమ్మదిగా దిగుతుంది.

మొదటి నెల వారానికోసారి కుదపండి. తర్వాత నెలకోసారి చాలు. రంగు ముందు పల్చటి టీలా మొదలై, నెలలు గడిచేకొద్దీ కాఫీ డికాక్షన్ వైపు వెళ్తుంది. రంగు చూసి అయిపోయిందనుకోవద్దు, రంగు వాసన కన్నా చాలా ముందే వచ్చేస్తుంది. రెండో నెలలో మూత తీస్తే ఇంకా ఆల్కహాల్ వాసనే కొడుతుంది. ఆరు నెలలకి వాడొచ్చు, ఏడాదికి గుండ్రంగా, నిండుగా తయారవుతుంది. పరీక్షించడానికి, చక్కెర వేసిన అరకప్పు చల్లటి పాలలో పావు టీస్పూను కలిపి తాగి చూడండి.

తొందరపడి పొయ్యి మీద పెట్టొద్దు. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, ఆ ఆవిరికి మంట అంటుకుంటుంది. మూత బిగించి వేడిచేస్తే సీసా పేలొచ్చు.

ఏడాదైనా పల్చగానే ఉంటే కాయలు తక్కువయ్యాయన్నమాట. ఇంకొన్ని వేసి మూడు నెలలు ఆగండి. వాడినకొద్దీ వోడ్కా మాత్రమే పోస్తూ వెళ్తే సారం పల్చబడుతుంది. 100 మి.లీ. పోసిన ప్రతిసారీ 10 గ్రాముల కొత్త కాయలు కూడా పడాలి.

మద్యం ఇంట్లోకి తేని వాళ్ళకి, తినడానికి పనికొచ్చే గ్లిజరిన్ మూడు వంతులు, నీళ్ళు ఒక వంతు కలిపిన ద్రవం ఉంది. తూకం అదే. సారం కాస్త తక్కువ దిగుతుంది. వడకట్టాక ఫ్రిజ్‌లో ఉంచాలి.

వాడేటప్పుడు అర లీటరు పాల కస్టర్డ్‌కి ఒక టీస్పూను చాలు. అది కూడా పొయ్యి ఆపి, పాలు కాస్త చల్లారాకే వేయండి. ఉడికే పాలలో వేస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది గానీ గిన్నెలో మిగలదు. చివరికి వడకట్టిన ముక్కల్ని నీడలో గలగలలాడేదాకా ఎండబెట్టి, చక్కెరతో కలిపి మిక్సీ పట్టండి. నల్ల చుక్కల ఆ పొడి బిస్కెట్ల పిండిలోకి, టీలోకి బాగుంటుంది.